రెండు స్ఫటికాల సరిహద్దులో వరసలు కుదురుతాయో లేదో కాగితం మీదే తేల్చుకోవడం ఎలా

ఇనుము స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే ఘనపు గది అంచు 2.866 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు). మెగ్నీషియం ఆక్సైడ్‌లో అదే అంచు 4.212. ఈ పనిలో కొత్తగా అడుగుపెట్టిన రోజుల్లో ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని, తేడా తీసి, భాగించి, మైనస్ 32 శాతం అని తేలగానే "ఇవి అతికే రకం కాదు" అని జాబితాలో కొట్టేశాను. వారం తిరక్కుండానే ఒక సీనియర్ సరిగ్గా ఆ జంట మీదే తీసిన ఎక్స్‌రే చార్టు తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు శిఖరాలు, సూదుల్లా నిలబడి ఉన్నాయి. ఇనుము పొర మొత్తం మెగ్నీషియం ఆక్సైడ్ మీద ఒకే వైపు తిరిగి బుద్ధిగా కూర్చుంది. నా లెక్కలో తప్పు లేదు. కొలవాల్సినదాన్ని వదిలేసి ఇంకోటి కొలిచానంతే.

రెండు వేరువేరు ఘనపదార్థాలు కలిసే చోట పరమాణువుల వరసలు ఎలా సర్దుకుంటాయో ముందే అంచనా కట్టే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. చాలావరకు పెన్సిలుతో అయిపోయే పనే. యంత్రాల అవసరం చివర్లో వస్తుంది. స్ఫటిక తలాలకు, దిశలకు వాడే మిల్లర్ సూచికలు తెలిసి ఉంటే చాలు. (001) అంటే ఒక తలం, [110] అంటే ఒక దిశ అన్నంత పరిచయం సరిపోతుంది.

మొదటి పని: అంకెలు సరైనవేనా?

రెండు పదార్థాలకూ జాలక స్థిరాంకాలు, అంటే గది అంచుల కొలతలు, కావాలి. క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. వెస్టా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరిస్తే స్ఫటికాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు.

ఇక్కడ జారిపడే చోట్లు మూడున్నాయి. ఒకటి, కొన్ని డేటాబేసులు పూర్తి ఘనపు గదికి బదులు అతి చిన్న గది కొలతలు ఇస్తాయి. సిలికాన్‌కు 5.431 ఉండాల్సిన చోట 3.84 కనిపించిందంటే కారణం అదే. రెండు, నీలమణిలాంటి స్ఫటికాలను రెండు రకాల గదుల్లో వర్ణించవచ్చు. షట్కోణపు గదిలో అయితే దాని కొలతలు 4.758, 12.991. ఒక స్ఫటికాన్ని ఒక రకం గదిలో, రెండోదాన్ని ఇంకో రకంలో తీసుకుంటే ఆ తర్వాత వేసే లెక్కంతా గంగలో కలిసినట్టే. మూడోది, ఆ అంకె ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారన్నది. గది ఉష్ణోగ్రతవి తీసుకుని మొదలుపెట్టండి, వేడి సంగతి తర్వాత చూద్దాం.

రెండో పని: రెండు ప్లాస్టిక్ షీట్లతో సరిహద్దును కళ్లారా చూడండి

ఇది దాటేయకండి. పది నిమిషాల పని. దీని తర్వాత మిగతాదంతా సులువుగా బుర్రకెక్కుతుంది.

పారదర్శకమైన రెండు షీట్ల మీద సన్నని నిలువు గీతలు ప్రింటు తీయండి. ఒకదాని మీద గీతకూ గీతకూ మధ్య 2.4 మిల్లీమీటర్లు, రెండోదాని మీద 2.5 మిల్లీమీటర్లు. ఈ నిష్పత్తి ఊరికే ఎంచుకున్నది కాదు. సిలికాన్ స్థిరాంకం 5.431, జెర్మేనియంది 5.658. ఆ రెంటి నిష్పత్తి దాదాపు ఇదే. కాబట్టి మీ చేతిలో ఉన్నది సిలికాన్ మీద జెర్మేనియం సరిహద్దుకు నమూనా.

2.4 షీటు కింద, 2.5 షీటు పైన పెట్టి, గీతలు సమాంతరంగా ఉండేలా సర్ది, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఒక చోట గీత మీద గీత సరిగ్గా పడుతుంది. అక్కడి నుంచి పక్కకు జరిగేకొద్దీ కొంచెం కొంచెంగా తప్పుకుంటుంది. 30 మిల్లీమీటర్ల దగ్గర పై షీటు గీత సరిగ్గా కింది రెండు గీతల నడిమిన పడి, ఆ ప్రాంతమంతా మసకబారుతుంది. 60 మిల్లీమీటర్లకు మళ్లీ గీత మీద గీత. లెక్కపెట్టండి: ఆ 60 మిల్లీమీటర్లలో కింది షీటు అంతరాలు 25, పై షీటువి 24. కింద ఒక వరస ఎక్కువ. పైన దానికి జోడీ లేదు.

ఆ జోడీ దొరకని వరస పేరే మిస్‌ఫిట్ డిస్‌లొకేషన్. షీట్ల మీద ఆ తప్పు 60 మిల్లీమీటర్ల పొడవునా సమంగా పరుచుకుంది. నిజం స్ఫటికంలో అలా ఉండదు. పరమాణువులు పక్కవాటిని లాగి, తోసి, వీలైనంత మేర గీత మీద గీత పడేలా చూసుకుంటాయి. తప్పంతా ఒక సన్నని గీత దగ్గరికి నెట్టేస్తాయి. అంటే మసక పట్టీ ఇరుకైపోతుంది, మంచి ప్రాంతం వెడల్పవుతుంది.

ఇప్పుడు 2.4 షీటుకే ఇంకో కాపీ తీసి, ఒకేలాంటి రెండు షీట్లనూ ఒకదాని మీద ఒకటి రెండు డిగ్రీలు మెలిపెట్టండి. అంతరాల్లో తేడా లేకపోయినా దాదాపు 69 మిల్లీమీటర్లకు ఒక పట్టీ వస్తుంది. నాలుగు డిగ్రీలకు తిప్పితే ఆ దూరం సగమవుతుంది. పరిమాణం తేడా వల్ల వచ్చే తప్పు వేరు, మెలి వల్ల వచ్చే తప్పు వేరు. అసలు సరిహద్దుల్లో రెండూ కలిసే వస్తుంటాయి. గ్రాఫీన్‌ను బోరాన్ నైట్రైడ్ మీద మెలి లేకుండా పరిచినప్పుడు సుమారు 14 నానోమీటర్లకు ఒకసారి కనిపించే నమూనా అచ్చం ఈ షీట్ల ఆటే. 2.46కూ 2.504కూ మధ్య ఉన్న 1.8 శాతం తేడా అంత పెద్ద బొమ్మ గీస్తుంది.

మూడో పని: గదిని పక్కన పెట్టి తలాన్ని గీయండి

నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. సరిహద్దులో ఎదురుపడేవి ఘనపు గదులు కావు. కోసిన ముఖం మీద పైకి కనిపించే పరమాణువుల వల. ఆ వల గీయకుండా శాతాలు కట్టకూడదు.

మెగ్నీషియం ఆక్సైడ్ (001) ముఖం గీయండి. చదరం గీసి నాలుగు మూలల్లోనూ ఆక్సిజన్ పెట్టండి, మధ్యలో ఇంకో ఆక్సిజన్. అంచుల మధ్య బిందువుల్లో మెగ్నీషియం. ఇప్పుడు ఒక ఆక్సిజన్ నుంచి దానికి అతి దగ్గరలోని ఇంకో ఆక్సిజన్‌కు గీత గీయండి. అది చదరం అంచు వెంట పోదు, కర్ణం వైపు పోతుంది. దూరం 4.212ను 2 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 2.978. అంటే ఆక్సిజన్ల అసలు వల 2.978 భుజం ఉన్న చదరం, ఘనపు గదికి 45 డిగ్రీలు తిరిగి ఉంటుంది.

ఇనుము (001) ముఖం వల 2.866 భుజం ఉన్న చదరం. ఇప్పుడు తేడా చూడండి: మైనస్ 3.8 శాతం. మైనస్ 32 ఎక్కడ, ఇదెక్కడ! ఇనుము పరమాణువులు ఆక్సిజన్ల నెత్తిన కూర్చుంటాయి. ఇనుము [100] దిశ మెగ్నీషియం ఆక్సైడ్ [110] దిశకు సమాంతరంగా పడుతుంది. ఇనుము, మెగ్నీషియం ఆక్సైడ్, మళ్లీ ఇనుము అని పేర్చిన అమరికలో 2004లో బయటపడ్డ భారీ టన్నెల్ అయస్కాంత నిరోధం (ఇనుము పొరల అయస్కాంత దిశ మారితే మధ్య పొర గుండా పోయే విద్యుత్తుకు నిరోధం మారడం) ఈ కుదురు మీదే ఆధారపడింది. హార్డ్ డిస్కుల రీడ్ హెడ్‌లలోకి ఇదే మెగ్నీషియం ఆక్సైడ్ పొర చేరింది.

(111) ముఖమైతే వల షట్కోణాకారంలో ఉంటుంది. దాని భుజం ఘనపు స్థిరాంకాన్ని 2 వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. సిలికాన్‌కు 3.840, అల్యూమినియంకు 2.864. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

నాలుగో పని: మిస్‌మ్యాచ్ శాతం

పై పొర అంతరంలోంచి అడుగు స్ఫటికం అంతరాన్ని తీసేసి, అడుగుదానితో భాగించండి. ప్లస్ వస్తే పై పొర పెద్దది, కూర్చోవాలంటే నలగాలి. మైనస్ వస్తే చిన్నది, సాగాలి. కొందరు పై పొర అంతరంతో భాగిస్తారు. సిలికాన్ మీద జెర్మేనియంకు ఒక పద్ధతిలో 4.2, ఇంకో పద్ధతిలో 4.0 వస్తుంది. గుర్తును కూడా తలకిందులు చేసేవాళ్లున్నారు. ఎవరి అంకెనైనా వాడేముందు వాళ్ల సూత్రం చూడండి, లేదంటే నలిగే పొరను సాగే పొర అనుకుంటారు.

కొన్ని అంకెలు చేతివేళ్ల మీద ఉంటే మంచిది. బంగారం మీద వెండి 0.2 శాతం. గాలియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం ఆర్సెనైడ్ 0.14. సిలికాన్ మీద కోబాల్ట్ డైసిలిసైడ్ మైనస్ 1.2. ఒక శాతం లోపు జంటలతో పెద్దగా పేచీ ఉండదు.

1928లో ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త లూయీ ర్వాయే, ఒక స్ఫటికం మీద ఇంకోటి దిశ పట్టుకుని పెరగడానికి ఎపిటాక్సీ అని పేరు పెట్టాడు. గ్రీకులో 'మీద', 'అమరిక' అనే రెండు మాటల కలయిక అది. తేడా 15 శాతం దాటితే ఈ పెరుగుదల కుదరదన్న హద్దు కూడా ఆయన పరిశీలనల నుంచే వచ్చింది. ఆ హద్దును వేదవాక్కుగా పట్టుకుంటే మోసపోతారు. ఎందుకో తర్వాతి రెండు పనుల్లో తెలుస్తుంది.

ఐదో పని: తిప్పి చూడండి

పై వలను అడుగు వల మీద పెట్టి, దాని సౌష్ఠవం అనుమతించే కోణాలన్నీ ప్రయత్నించండి. చదరపు వలలకు 0, 45 డిగ్రీలు. షట్కోణపు వలలకు 0, 30. చాలా జంటలకు ఇంతకు మించి అక్కర్లేదు.

నీలమణి మీద గాలియం నైట్రైడ్ తీసుకోండి. రెంటి వలలూ షట్కోణాలే. 3.189కీ 4.758కీ తేడా మైనస్ 33 శాతం, ఆశ వదులుకోవాల్సిన అంకె. కానీ 30 డిగ్రీలు తిప్పితే గాలియం నైట్రైడ్ వలకు ఎదురయ్యేది 4.758 కాదు, దాన్ని 3 వర్గమూలంతో భాగించిన 2.747. నీలమణి లోపల ఆక్సిజన్లు, అల్యూమినియంలు ఇంచుమించు ఈ దూరాల్లోనే పరుచుకుని ఉన్నాయి. తేడా ప్లస్ 16 శాతం అయింది. నిజంగా పెంచిన పొరలు కూడా ఈ 30 డిగ్రీల మెలితోనే కూర్చుంటాయి.

ఆరో పని: ఒకటికొకటి కుదరకపోతే నాలుగుకు మూడు చూడండి

సిలికాన్ (111) మీద అల్యూమినియం. 2.864కూ 3.840కూ తేడా మైనస్ 25 శాతం. తిప్పినా లాభం లేదు. ఇప్పుడు అల్యూమినియం వరసలు నాలుగు కలపండి: 11.46. సిలికాన్‌వి మూడు: 11.52. తేడా అర శాతం పైచిలుకు మాత్రమే! నాలుగడుగులకోసారి మూడో మెట్టు మీద సరిగ్గా కాలు పడుతుంది. ఇలాంటి కుదురును డొమైన్ మ్యాచింగ్ అంటారు.

ఇందాకటి గాలియం నైట్రైడ్ 16 శాతాన్ని మళ్లీ తీయండి. 3.189ని ఆరుతో, 2.747ని ఏడుతో గుణించండి. 19.13, 19.23. అర శాతం తేడా. పెద్ద శాతం అనుకున్నది నిజానికి ఆరుకు ఏడు పొంతన. మిగిలిన ఏడో వరస డిస్‌లొకేషన్‌గా నిలిచిపోతుంది.

చేత్తో చేసేటప్పుడు ఒక పట్టిక గీసి, ఒక వైపు 1 నుంచి 10 దాకా అడుగు అంతరం గుణిజాలు, ఇంకో వైపు పై పొర గుణిజాలు రాసుకోండి. ఒక శాతం లోపు దగ్గరైన జతలకు సున్నా చుట్టండి. పది దాటి పోవద్దు. అంకెలు పెద్దవయ్యేకొద్దీ ఏ రెండింటికైనా ఎక్కడో ఒకచోట పొంతన కుదిరేస్తుంది, దానికి భౌతికంగా విలువ లేదు. చిన్న అంకెలతో కుదిరినదే బలమైన కుదురు. ఒక్క దిశలో చూసి సంతోషించకండి, రెండో దిశలో కూడా కుదరాలి. దీర్ఘచతురస్రపు వలల్లో ఒక వైపు చక్కగా కుదిరి రెండో వైపు ఎగనామం పెట్టే జంటలు బోలెడు.

వలలు వంకరటింకరగా ఉంటే చేతి లెక్క విసుగు పుట్టిస్తుంది. జర్, మెక్‌గిల్ 1984లో ఇదే పనికి ఒక అల్గారిథం ఇచ్చారు. వైశాల్యాలు, భుజాలు, కోణం మూడూ దగ్గరపడే పెద్ద గదుల జతలను అది వెతికిపెడుతుంది. పైమాట్‌జెన్ అనే పైథాన్ లైబ్రరీలో సిద్ధంగా ఉంది. అది ఇచ్చే జాబితాలో మొదటి వరసను కళ్లు మూసుకుని తీసుకోకండి. దానికి జ్యామితి తెలుసుగానీ ఏ పరమాణువు దేని మీద కూర్చోవడానికి ఇష్టపడుతుందో తెలియదు.

ఏడో పని: మిగిలిన తేడా ఎక్కడికి పోతుంది?

కాగితం మీద కుదురు దొరికింది. అర శాతమో, నాలుగు శాతమో తేడా మిగిలింది. దాని గతి మూడు రకాలు.

పై పొర నలిగో, సాగో, అడుగు అంతరానికి పూర్తిగా లొంగిపోతే వరసలు ఎక్కడా తెగవు. దీన్ని కొహెరెంట్ సరిహద్దు అంటారు. జెట్ ఇంజను టర్బైన్ బ్లేడ్లలోని నికెల్ మిశ్రలోహాలలో చిన్న చిన్న ఘనాలు ఇలాగే ఇమిడి ఉంటాయి. రెంటి మధ్య తేడా సాధారణంగా ఒక శాతం లోపే కాబట్టి అంత వేడిలోనూ ఆ సరిహద్దులు నిలుస్తాయి. తేడా పెద్దదైతే, లేదా పొర మందం పెరిగితే, నలిగి ఉండటం భారమైపోతుంది. అప్పుడు అక్కడక్కడ డిస్‌లొకేషన్లు దిగి, మధ్యలో కుదురు మిగులుతుంది. ఇది సెమీకొహెరెంట్. ఏ దిశలోనూ చిన్న అంకెల పొంతన లేకపోతే ఇన్‌కొహెరెంట్. మీ షీట్లలో ఒకదాన్ని ఇష్టమొచ్చిన కోణంలో పడేస్తే కనిపించే గజిబిజి అదే.

మొదటి దశ నుంచి రెండోదానికి మారే మందాన్ని క్రిటికల్ థిక్‌నెస్ అంటారు. 1949లో ఫ్రాంక్, వాన్ డెర్ మెర్వె ఈ ఆలోచనకు పునాది వేశారు. 1974లో మాథ్యూస్, బ్లేక్‌స్లీ ఇచ్చిన సూత్రాన్ని ఈరోజుకీ వాడతాం. సూత్రం లేకుండా గుర్తుంచుకోవాల్సింది ఒకటే: తేడా సగమైతే ఈ మందం రెట్టింపుకన్నా కొంచెం ఎక్కువే పెరుగుతుంది. అందుకే ఒకేసారి 4 శాతం దూకకుండా, సిలికాన్‌లో జెర్మేనియం పాలు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. 20 శాతం జెర్మేనియం కలిపితే స్థిరాంకం సుమారు 5.476, తేడా 0.8 శాతం.

శుద్ధ జెర్మేనియంను నేరుగా సిలికాన్ మీద పెంచితే డిస్‌లొకేషన్ల కన్నా ముందు ఇంకోటి జరుగుతుంది. మూడు నాలుగు పరమాణు పొరల దాకా సమంగా పరుచుకుని, ఆపైన గుట్టలు గుట్టలుగా లేస్తుంది. స్ట్రాన్‌స్కీ, క్రాస్టనోవ్ పేర్లతో పిలిచే పెరుగుదల ఇది. గుట్ట పక్కలు ఖాళీ కాబట్టి అటు కొంచెం విచ్చుకుని ఊపిరి పీల్చుకుంటుంది.

డిస్‌లొకేషన్ల మధ్య దూరం కట్టడం తేలిక. రెండు అంతరాలను గుణించి, వాటి తేడాతో భాగించండి. సిలికాన్‌లో [110] వెంట అంతరం 3.840, జెర్మేనియంలో 4.001. జవాబు సుమారు 96 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 9.6 నానోమీటర్లు. షీట్ల మీద 2.4ను 2.5తో గుణించి 0.1తో భాగిస్తే వచ్చే 60 లాంటిదే ఇది. ఈ అంకెను నోట్‌బుక్‌లో పెద్దగా రాసి గీత కొట్టండి, చివర్లో దీన్నే వెతుక్కుంటాం.

ఎనిమిదో పని: నిర్మాణాలే వేరైతే

ఇప్పటిదాకా వలల ఆకారాలు ఒకటే. ఉక్కులో అలా ఉండదు. వేడిగా ఉన్నప్పటి ఇనుములో ఘనం మూలలతో పాటు ప్రతి ముఖం నడిబొడ్డునా పరమాణువులుంటాయి, చల్లారాక ముఖాల మీద కాకుండా ఘనం నడిబొడ్డున. ఇలాంటి చోట వలను వదిలేసి, అతి దట్టమైన వరస కోసం వెతకండి. మొదటి రకంలో అది [110] వెంట ఉంటుంది. స్థిరాంకం సుమారు 3.59 అనుకుంటే వరసలో పరమాణువుల మధ్య దూరం 2.54. రెండో రకంలో [111] వెంట 2.48. తేడా రెండు శాతం చిల్లర. కాబట్టి వరస మీద వరస, ఆ వరసలున్న దట్టమైన తలం మీద తలం. 1930లో కుర్జుమోవ్, సాక్స్ ఉక్కులో కనిపెట్టిన సంబంధం సరిగ్గా ఇదే. దీనికి సౌష్ఠవం వల్ల 24 రూపాలు, అంటే సమానంగా సాధ్యమయ్యే 24 అమరికలు, ఉంటాయి. నిషియామా, వాసర్‌మన్ పేర్లతో ఉన్న ఇంకో సంబంధంలో తలాలు అవే. ఆ తలంలో 5.26 డిగ్రీల మెలి తేడా, రూపాలు 12. కొలిచినప్పుడు రెంటికీ మధ్యలో ఎక్కడో తేలడం మామూలే, కంగారు పడకండి.

దీన్ని మామూలు కంటితో చూడాలంటే ఉల్కాపాషాణం కావాలి. నికెల్ కలిసిన ఇనుప ఉల్కను కోసి, నునుపు చేసి, పలుచని నైట్రిక్ ఆమ్లం పూస్తే ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే పట్టీలు తేలతాయి. 1808లో విడ్‌మన్‌స్టాటెన్ గమనించిన నమూనా ఇది. లక్షల ఏళ్లు చల్లారుతూ, మొదటి రకం ఇనుములో రెండో రకం పలకలు (111) తలాల వెంట పెరిగాయి. కోత సరిగ్గా (001) ముఖం మీద పడితే పట్టీలు రెండు దిశల్లో, 90 డిగ్రీల్లో కనిపిస్తాయి. (111) ముఖం మీద పడితే మూడు దిశల్లో, 60 డిగ్రీల్లో. ఫొటో దొరికితే కోణమానిని పెట్టి కొలవండి. కోత ఏ ముఖానికి దగ్గరో చెప్పేయగలరు.

తొమ్మిదో పని: అడుగు ముఖం ఏ పరమాణువులతో ముగిసింది?

శాతాలు చక్కగా కుదిరినా పొర పాడైందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. సిలికాన్‌లో ఒకే రకం పరమాణువులు, గాలియం ఆర్సెనైడ్‌లో రెండు రకాలు. సిలికాన్ (001) ముఖం మీద ఒక పరమాణువు ఎత్తు, అంటే 1.36 ఆంగ్‌స్ట్రామ్‌ల మెట్టు ఉందనుకోండి. మెట్టుకు అటు పెరిగిన పొరలో గాలియం ఉన్న ఎత్తులో ఇటు ఆర్సెనిక్ వస్తుంది. రెండూ కలిసే చోట గాలియం పక్కన గాలియం పడి ఒక గోడ లేస్తుంది. దిశ కుదిరింది, వరస కుదిరింది, ఎవరు ఎక్కడన్నది మాత్రం తారుమారైంది. అందుకే సిలికాన్ ముఖాన్ని కొన్ని డిగ్రీలు వాల్చి కోసి, వేడి చేసి, మెట్లు జంటలుగా కలిసేలా చూస్తారు.

ఇంకో ఉదాహరణ ఇంతకన్నా వింత. స్ట్రాన్షియం టైటనేట్, లాంథనం అల్యూమినేట్ రెండూ విద్యుత్ బంధకాలే. 2004లో ఓతోమో, హ్వాంగ్ చూపించినట్టు, అడుగున ఉన్న స్ట్రాన్షియం టైటనేట్‌ను టైటానియం ఆక్సైడ్ పొరతో ముగిస్తే సరిహద్దు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. స్ట్రాన్షియం ఆక్సైడ్‌తో ముగిస్తే ప్రవహించదు. జాలక తేడా రెండు సందర్భాల్లోనూ ఒకటే. మీ కాగితం మీద అడుగు ముఖం చివరి పొర పేరు రాయకపోతే లెక్క సగమే అయినట్టు.

పదో పని: చల్లారేటప్పుడు

పెంచేది వందల డిగ్రీల వేడిలో, వాడేది గది ఉష్ణోగ్రతలో. సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు వ్యాకోచిస్తుంది, గాలియం నైట్రైడ్ 5.6. వెయ్యి డిగ్రీలు చల్లారితే గాలియం నైట్రైడ్ 0.3 శాతం ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది, అడుగున ఉన్న సిలికాన్ ముడుచుకోనివ్వదు. పొర సాగి పగుళ్లిస్తుంది. కొత్తవాళ్లు ఆ పగుళ్లను జాలక తేడా ఖాతాలో వేస్తుంటారు. తేడాల లెక్క రెండు ఉష్ణోగ్రతల దగ్గరా విడివిడిగా వేయండి.

నీలమణి కథలో ముగింపు కూడా ఇక్కడ చెప్పాలి. నేరుగా పెంచితే గాలియం నైట్రైడ్ గరుకుగా, పగుళ్లతో వచ్చేది. 1986లో అమానో, అకసాకి బృందం ముందుగా తక్కువ వేడిలో పల్చని అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి, దాని మీద పెంచి నునుపైన పొర సాధించింది. అయినా చదరపు సెంటీమీటరుకు కోట్ల డిస్‌లొకేషన్లు మిగిలే ఉన్నాయి. నీలి ఎల్ఈడీ వెలిగింది, 2014లో వాళ్లిద్దరితో పాటు నకమురాకూ నోబెల్ వచ్చింది.

పదకొండో పని: నిజంగా అలాగే కూర్చుందా?

యంత్రం అందుబాటులో లేనివాళ్లకు ముందు ఒక చిన్న ప్రయోగం. 1836లో ఫ్రాంకెన్‌హైమ్ చేసినది. కాల్సైట్ ముక్కను అప్పటికప్పుడు చీల్చి, ఆ తాజా ముఖం మీద సోడియం నైట్రేట్ ద్రావణం ఒక చుక్క వేసి ఆరనివ్వండి. పక్కన గాజు పలక మీద ఇంకో చుక్క. మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే గాజు మీది పలకలు తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి. కాల్సైట్ మీదివి కవాతులో నిలబడ్డట్టు ఒకే వైపు చూస్తాయి. రెంటి నిర్మాణమూ ఒకటే, తేడా రెండు శాతం లోపు. చీల్చి ఎక్కువసేపు గాలికి వదిలేసిన ముఖం మీద ఈ క్రమశిక్షణ తగ్గుతుంది. అది కూడా చూసి తెలుసుకోదగ్గదే.

ఎక్స్‌రే యంత్రం ఉంటే, మామూలు రెండు థీటా స్కాన్‌తో ఆగిపోవద్దు. అది ఏ తలం పైకి చూస్తోందో చెబుతుంది, పక్కలకు మెలి ఎంతో చెప్పదు. ఫై స్కాన్ తీయండి: నమూనాను వాల్చి, దాని నిలువు అక్షం చుట్టూ 360 డిగ్రీలు తిప్పుతూ ఒక వాలు తలం శిఖరాలను నమోదు చేయడం. ఇనుముకు (101) రకం, మెగ్నీషియం ఆక్సైడ్‌కు (202) రకం తీసుకుంటే, ఒక్కోదానికీ 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు శిఖరాలు వస్తాయి. రెండు గుంపుల మధ్య జరుగుడు 45 డిగ్రీలు. మొదట్లో చెప్పిన చార్టు అదే. శిఖరాలు లేకుండా సమంగా చదునుగా వస్తే, పైకి చూసే తలం ఒకటే అయినా పక్కలకు ఎవరి దారి వాళ్లదే అని అర్థం.

నలిగి ఉందా, విశ్రాంతి తీసుకుందా అన్నది రెసిప్రోకల్ స్పేస్ మ్యాప్ (పొర, అడుగు స్ఫటికం రెంటి ఎక్స్‌రే శిఖరాలనూ మచ్చలుగా చూపే పటం) చెబుతుంది. సిలికాన్, జెర్మేనియం జంటకు (224) చుట్టూ తీస్తారు. పొర మచ్చ అడుగు మచ్చకు సరిగ్గా నిట్టనిలువునా కింద ఉంటే పొర పూర్తిగా లొంగింది. మూలబిందువు వైపు పోయే గీత మీద ఉంటే పూర్తిగా విడిపోయింది. మధ్యలో ఉంటే మధ్యలోనే.

చివరిది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. నమూనాను అడ్డంగా కోసి, పల్చబరిచి, ఎలక్ట్రాన్ పుంజం [110] వెంట పోయేలా నిలబెట్టి తీయించండి. చిత్రంలో నల్లగా ఉన్నవి పరమాణువులా, తెల్లగా ఉన్నవా అని వాదించకండి. మందం, ఫోకస్ మారితే నలుపు తెలుపు తారుమారవుతాయి. వరసల లెక్క మాత్రం మారదు.

చిత్రాన్ని పెద్దగా ప్రింటు తీసి బల్ల మీద పరచండి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కాగితాన్ని కంటి ఎత్తుకు లేపి, దాదాపు పడుకోబెట్టి, వాలుగా పోయే (111) గీతల వెంట ఒక కన్ను మూసి చూడండి. తుపాకీ గురి చూసినట్టు. సిలికాన్ వైపు నుంచి వచ్చే గీతల్లో ఒకటి సరిహద్దు దగ్గర ఠక్కున ఆగిపోయి, దానికి పైన జోడీ లేకపోవడం అప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టి, మళ్లీ అలాంటిది దొరికేదాకా సరిహద్దు వెంట లెక్కపెట్టుకుంటూ పోండి. కింద 25, పైన 24 వస్తే నోట్‌బుక్‌లో గీత కొట్టిన 9.6 నానోమీటర్లు మీ కళ్ల ముందున్నట్టే. పొర పూర్తిగా విడిపోయిందని మ్యాప్ చెబుతున్నా దూరం అందులో సగమే వస్తుంటే తప్పు లెక్కపెట్టానని చెరిపేయకండి. అక్కడున్నవి 60 డిగ్రీల రకం డిస్‌లొకేషన్లు, అంటే డిస్‌లొకేషన్ గీతకూ పరమాణువులు జరిగిన దిశకూ మధ్య 60 డిగ్రీలున్నవి. ఒక్కోటి సగం తేడానే మోయగలదు కాబట్టి రెట్టింపు సంఖ్యలో వచ్చి కూర్చున్నాయి.